బొమ్మకి బ్రహ్మాండంగా నప్పింది

వైద్యరంగాన్ని పట్టి పీడిస్తున్న అసలు జబ్బేమిటో ఇన్నాళ్లకి తేలింది. మందులు లేకపోవడం కాదు, మంచాలు చాలకపోవడం కాదు. నర్సులు ప్యాంట్లు వేసుకుంటున్నారు.

హైదరాబాద్‌లో మా చెల్లెలు పనిచేసే కార్పొరేట్ ఆస్పత్రిలో (పేరు అడక్కండి, దాని ఉద్యోగం పోతుంది) మొన్న సర్క్యులర్ వచ్చింది. ఒకటో తారీకు నుంచి స్క్రబ్స్, అంటే ఆ ప్యాంటూ చొక్కా, బంద్. గౌన్లు వేసుకు రావాలి. ఆస్పత్రి లోగో రంగు గౌను, మోకాలి కిందికి నాలుగు వేళ్లు, చేతులు మణికట్టు దాకా, కఫ్‌కి రెండేసి బొత్తాలు. కారణం కూడా రాశారు: పేషెంట్ ఎక్స్‌పీరియన్స్. నిజమే మరి. గుండెల్లో నొప్పితో ఆటోలో వచ్చిపడ్డ మనిషి ముందుగా గమనించేది సిస్టర్ కఫ్ బొత్తాలే. ఒక బొత్తాం ఊడి ఉంటే అక్కణ్నుంచి అటే ఇంకో ఆస్పత్రికి పోతాడు.

ఇదేదో ఆషామాషీగా తీసుకున్న నిర్ణయం కాదు. కమిటీ వేశారు. మార్కెటింగ్ ఆయన, హెచ్‌ఆర్ ఆయన, బట్టలు సప్లై చేసే ఆయన, లాబీకి ఇంటీరియర్ చేసినాయన. గోడలకి మ్యాచ్ కావాలి కదా. నర్సుల తరఫున ఒక బొమ్మ. అవును, చీరల కొట్టు ముందు నిలబెడతారే, ఆ బొమ్మే. దాన్ని లిఫ్టులో నిలబెట్టి కాన్ఫరెన్స్ హాలుకి తెచ్చారట. ఆ లిఫ్టులోకి నర్సులు ఎక్కకూడదు, మెట్లే వాడాలి. బొమ్మకి మినహాయింపు ఇచ్చారు.

బొమ్మకి గౌను తొడిగారు. చుట్టూ ప్రదక్షిణం చేసి చూశారు. ముడత లేదు, మరక లేదు, చంకల్లో చెమట లేదు. "ఎయిర్ హోస్టెస్‌లా ఉంది సార్" అన్నాడట సప్లయర్, అంతకు మించిన పొగడ్త లేదన్నట్టు. ఇంకొకాయన కొంచెం దూరం జరిగి, కళ్లు చికిలించి, "మోకాలి దగ్గర ఇంకో అంగుళం తగ్గిద్దామా" అన్నాడట. ఆ అంగుళం మీద ఇరవై నిమిషాలు చర్చ. టీలు వచ్చాయి, సమోసాలు వచ్చాయి. బొమ్మ ఏమీ తినలేదు, అది అందరికీ ఇంకా నచ్చింది.

చివర్లో ఇన్‌ఛార్జి సిస్టర్‌ని పిలిచి ఎలా ఉందో చెప్పమన్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఆవిడది. "బావుంది సార్, కానీ బొమ్మ వంగదు కద సార్" అంది. మినిట్స్‌లో 'బావుంది' వరకే రాసుకున్నారు.

ఆ బొమ్మని ఇప్పుడు రిసెప్షన్‌లో పెట్టారు, కొత్త యూనిఫాం అందరికీ తెలియాలని. మొదటి రాత్రే ఒక పెద్దాయన దాని దగ్గరికెళ్లి "సిస్టరమ్మా, మావాడి సెలైన్ అయిపోవచ్చింది" అని చెప్పాడట. అది పలకలేదు. ఐదు నిమిషాలు చూసి మళ్లీ చెప్పాడు. వాచ్‌మన్ వచ్చి అది బొమ్మ తాతా అంటే, "అయితేనేం నాయనా, విసుక్కోకుండా విన్నది" అన్నాడట. ఇక దాన్ని రోస్టర్‌లో వేసేస్తే సరిపోతుంది. తనిఖీకి వచ్చినవాళ్లకి తలలు లెక్కపెట్టి చూపడానికి పనికొస్తుంది.

గౌనుకి జేబులున్నాయా అని అడిగాను. "ఉన్నాయి అన్నయ్యా, చెయ్యి పెట్టి చూడు" అంది. పెడితే వేళ్లు దిగలేదు. జేబు మూత మాత్రం కుట్టారు, లోపల జేబు లేదు. పాత స్క్రబ్ జేబులు టేబుల్ మీద గుమ్మరించి చూపించింది: కత్తెర, ప్లాస్టర్ రోలు, టార్చి, స్పిరిట్ స్వాబులు, కాన్యులా మూతలు నాలుగు, లాకర్ తాళం, జుట్టు రబ్బరు, పెన్ను ఒకటి (రెండోది డాక్టర్ గారు పట్టుకెళ్లారు, పెన్నులు తిరిగొచ్చిన చరిత్ర లేదు), సగం తిన్న పార్లేజీ ప్యాకెట్టు, నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితమే ఆ రాత్రి దాని బుర్ర. ఏ బెడ్‌కి ఎన్నింటికి ఏ ఇంజెక్షనో అందులో ఉంటుంది.

చేతుల సంగతి ఇంకా గొప్పది. చేతులు సరిగ్గా కడుక్కోవాలంటే మణికట్టు దాకా బట్ట అడ్డం ఉండకూడదని ఇంగ్లండ్‌లో 2007లోనే చెప్పారు, మోచేతి కింద నర్సుకీ డాక్టరుకీ ఏ బట్టా వద్దని. మనవాళ్లు కఫ్ పెట్టి, దానికి బొత్తాలు పెట్టారు. బొమ్మ చేతులు కడుక్కోదు కదా.

కమిటీలో ఒకాయన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు కూడా తీశాడట, సంప్రదాయం అంటూ. పాపం, ఆయనకి సంప్రదాయం పూర్తిగా తెలిసినట్టు లేదు. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికులని చూసుకోవడానికి ఆవిడ 38 మంది నర్సులని వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారికి వెళ్లింది. వాళ్లకిచ్చినవి ముతక బూడిదరంగు గౌన్లు, నెత్తిన ఒక టోపీ. వెళ్లిన కొత్తలోనే ఒక నర్సు వచ్చి, అమ్మా, అన్నిటికీ సిద్ధపడే వచ్చాను, ఈ టోపీ సంగతి ముందే తెలిసుంటే మాత్రం వచ్చేదాన్ని కాదు అని మొరపెట్టుకుంది. అంటే యుద్ధానికీ కలరాకీ జడవని మనిషి యూనిఫాంకి జడిసింది. సంప్రదాయం అంటే అదీ.

మా పిన్ని లెక్క వేరు. ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరైంది. స్క్రబ్స్ మాటెత్తితే ముఖం మాడ్చుకుంటుంది. "గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని వార్డులో అడుగుపెడితే బీడీలు దాచేవాళ్లురా. ఇప్పుడీ లాగూ చొక్కాలో ఎవరు సిస్టరో, ఎవరు ఆయానో ఏం తెలిసేను?" అంటుంది. చెల్లెలు కూడా అది కాదనదు. స్క్రబ్స్‌లో దాన్ని చూసి బకెట్టు తెమ్మన్నవాళ్లున్నారు. అదే రంగు స్క్రబ్స్ వేసుకుని పక్కన నిలబడ్డ మగ నర్సుని మాత్రం 'డాక్టర్ గారూ' అంటారు. మా జనానికి బట్టలతో పనిలేదు, మీసం చాలు.

ఆ తెల్లచీర గురించి పిన్ని ఒకసారి గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. నెలలో ఆ నాలుగు రోజులూ లోపల రెండు పావడాలు కట్టుకునేవాళ్లట. అయినా గంటకోసారి ఒకరినొకరు "వెనకాల చూడవే" అని అడుక్కుంటూనే ఉండేవాళ్లట. ముప్ఫై మూడేళ్లు అలా నడిచింది ఆవిడ. తెలుపు పవిత్రతకి గుర్తు అని ఉపన్యాసాలిచ్చిన ఏ పెద్దమనిషి అయినా ఒక్కరోజు, ఒక్క పూట దాని గురించి ఆలోచించాడా?

ఇంకోటి కూడా చెప్తాను. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కాలంటే రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి వందకి తగ్గకుండా నొక్కాలి. మా చెల్లెలు ఐదడుగులు. అది మంచమెక్కి, మోకాళ్ల మీద నిలబడి నొక్కుతుంది. ఆ రెండు నిమిషాలూ దాని బుర్రలో ఆ ప్రాణం ఒక్కటే ఉండాలి. గౌను ఎంత పైకి పోయిందో, పక్క బెడ్ అటెండెంటు ఫోను ఎటు తిప్పాడో ఉండకూడదు. సినిమాల్లో నర్సు గౌనుని చూసి ఈలలేసిన జాతి మనది. ఆ గౌనునే తెచ్చి, అర్ధరాత్రి వార్డులో ఒంటరిగా నిలబెట్టి, ఇంకో అంగుళం తగ్గిద్దామా అంటారా? సిగ్గుండాలి.

ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని బోధనాసుపత్రులకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క, మామూలు ఆస్పత్రికైతే ఐదుగురికి. చెల్లెలికి నైట్ డ్యూటీలో పద్దెనిమిది మంది. సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం వేసిన కమిటీ 2016లో, యాభై పడకల్లోపు చిన్న ఆస్పత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000కి తగ్గకుండా ఇవ్వాలంది. రెండొందల పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఆ కమిటీ కాగితం మీద ఇరవై నిమిషాల చర్చ ఏ కాన్ఫరెన్స్ హాల్లోనూ జరిగినట్టు లేదు. దానికి మోకాలు లేదు కదా.

కేంద్ర ప్రభుత్వ నర్సులకి డ్రెస్ అలవెన్స్ 2017లోనే నెలకి 1,800 చేశారని విన్నాక మా చెల్లెలు ఒక నవ్వు నవ్వింది. దానికి రెండు గౌన్ల డబ్బులు వచ్చే నెల జీతంలోంచి కోస్తున్నారు.

నిన్న ఆ రెండూ పట్టుకుని సందు చివర టైలర్ దగ్గరికి వెళ్లింది. ఆయన గౌను తిరగేసి చూసి, జేబు మూతలోకి వేలు పెట్టి, దిగకపోతే కళ్లజోడు పైకి తోసి, "ఇందులో ఏమేం పెట్టుకుంటారమ్మా?" అని అడిగాడట. చెల్లెలు చెప్పుకుంటూ పోయింది. ఆయన సుద్దముక్కతో రాసుకుంటూ పోయాడు. బిస్కెట్ ప్యాకెట్టుతో సహా. నాలుగు జేబులకి రెండొందలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు కాబట్టి ఆస్పత్రి వాళ్లని అడగడానికీ లేదు.