కప్పలకు ఇన్‌వర్డ్ నంబరు

నల్లమలను కాపాడుతున్నది పులులనీ, చెంచులనీ చాలామంది అపోహ పడుతుంటారు. దాన్ని కాపాడుతున్నది అటవీశాఖ ఆఫీసులో వచ్చిన దరఖాస్తులకు నంబరు వేసే ఇన్‌వర్డ్ రిజిస్టరు. పులి గాండ్రిస్తే మనిషి ఆ పూటకు పారిపోతాడు, మర్నాడు మళ్లీ వస్తాడు. "సార్ క్యాంపులో ఉన్నారు, సోమవారం రండి" అంటే మాత్రం పరిశోధన మానేసి బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరతాడు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాపం మంచిదే. అభయారణ్యంలోకి ఎవరెవరిని రానివ్వొచ్చో 28వ సెక్షన్‌లో రాస్తూ, శాస్త్ర పరిశోధననూ పర్యాటకాన్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. వడ్డించేవాళ్లకే వలపక్షం. పర్యాటకుడికి టికెట్టు, జీపు, గైడు. పులి కనపడలేదని అలిగితే ఓదార్పు కూడా. పరిశోధకుడికి మాత్రం ఓ తెల్లకాగితం, దాని మీద "త్రూ ప్రాపర్ చానెల్" అన్న మాట.

పీహెచ్‌డీ చేస్తున్న ఓ అమ్మాయికి నల్లమలలోని అమ్రాబాద్‌లో కప్పల అరుపులు రికార్డు చేయాలని బుద్ధి పుట్టిందనుకోండి. కప్పలు అరిచేది తొలకరికి కాబట్టి, తెలివైన పిల్ల ఎండాకాలంలోనే దరఖాస్తు పెట్టింది. సెక్షన్ గుమాస్తా కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"కప్పలెన్ని?"

"అది తెలుసుకోడానికే సార్ వెళ్తున్నది."

"అట్ల కుదరదమ్మా. నంబరు వేయాలె. ఏ జాతివో పేర్లు కూడా."

"ఇప్పటిదాకా ఎవరికీ తెలియని జాతి దొరికితే?"

"దానికి వేరే అప్లికేషన్."

పక్క టేబుల్ నుంచి సూపరింటెండెంట్ గారు టీ గ్లాసు దించి, కన్నతండ్రిలా అందుకున్నారు: "కప్పలతో నీకెందుకు బిడ్డా, పులుల మీద పెట్టుకో. ఫండ్స్ వస్తయ్, పేపర్ల ఫొటో పడుతది."

ఫైలు పైకి వెళ్లింది. రిమార్కుల కోసం కిందికి వచ్చింది. పైవారు ఆదేశిస్తే మాకు అభ్యంతరం లేదని కిందివారు రాశారు. కిందివారికి అభ్యంతరం లేకపోతే పరిశీలిస్తామని పైవారు రాశారు. ఈలోగా తొలకరి పడింది. కప్పలు అరిచాయి, జత కట్టాయి, గుడ్లు పెట్టాయి. తోకకప్పలకు కాళ్లు మొలిచి అవి కూడా గట్టెక్కాయి. ఫైలు గట్టెక్కలేదు. దసరా దాటాక అనుమతి వచ్చింది, షరతులతో సహా. అడవిలో ఉండవలసింది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే.

"సార్, కప్పలు అరిచేది రాత్రి కదా?"

గుమాస్తా స్టాంపు ప్యాడు మూత పెడుతూ కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పగలు అరవవా?" అన్నాడు. ఆ పిల్ల మొహం చూసి జాలేసి, "పోనీ వచ్చే వానకు రెన్యువల్ పెట్టుకో. కప్పలెక్కడికి పోతయమ్మా!" అన్నాడు.

అణుఇంధన శాఖవారికి కూడా ఇదే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఓ కుతూహలం పుట్టింది, కింద యురేనియం ఉందేమో చూద్దామని. 83 చదరపు కిలోమీటర్లలో దాదాపు 4,000 బోర్లు వేసి చూస్తామన్నారు. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరేనంది. ఉండాల్సిన వివరాలన్నీ ప్రతిపాదనలో లేకపోయినా, దేశానికి ముఖ్యం కాబట్టి పర్వాలేదట. కప్పలెన్నో ముందే చెప్పాలి గానీ, యురేనియం ఎంతో బోరు వేశాక చెప్పొచ్చు! చివరికి జనం రోడ్డెక్కారు, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఇంతటి రిజిస్టరూ ఆ బోర్లకు సరేనన్న రోజు ఎక్కడ నిద్రపోయిందో తెలియదు.

దొంగలుంటారు, పర్మిషన్ అడగకపోతే ఎట్లా అంటారా? ఉన్నారు. గుత్తిలో రైల్వే కలప దగ్గర దొరికిన ఒకే ఒక్క నమూనాతో 1899లో పేరు పెట్టిన నీలి సాలీడు, మళ్లీ శాస్త్రజ్ఞుల కంటపడింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ఇవాళ అమెరికాలో, యూరప్‌లో పిల్లలు దాన్ని పడకగదిలో గాజుపెట్టెలో పెంచుకుంటున్నారు. దాన్ని పట్టుకెళ్లిన మహానుభావుడు ఏ ఇన్‌వర్డ్ నంబరూ తీసుకున్నట్టు లేడు. మన కుర్రాడు అది ఉండే చెట్టుతొర్రలోకి తొంగిచూడాలంటే మాత్రం మూడు కాపీలు, పీహెచ్‌డీ గైడు సిఫారసు లేఖ.

నవ్వింది చాలు. కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత కనపడక, అంతరించిపోయిందనుకున్న పిట్ట. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు వెతుకుతుంటే, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడొకాయన టార్చి వెలుగులో పట్టి తెచ్చాడు. రాత్రిపూటండీ, సాయంత్రం 6 దాటాక! ఆ పిట్ట కాగితమ్మీదికి ఎక్కింది కాబట్టే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ పక్కకు జరిగింది. లెక్కలోకి ఎక్కిన పిట్ట కాలువనే జరిపింది. మరి లెక్కలోకి ఎక్కనివ్వని కప్ప దేన్ని ఆపుతుంది? రేపు ఏ గనో, డ్యామో వస్తుంది. దాని నివేదికలో తప్పకుండా ఓ వాక్యం ఉంటుంది, "ఈ ప్రాంతంలో అరుదైన జీవులేవీ నమోదు కాలేదు" అని. ఎట్లా అవుతాయయ్యా నమోదు? నమోదు చేస్తామని వచ్చినవాళ్లను గేటు దగ్గర నిలబెట్టింది మీరే కదా! ఏముందో చూడనివ్వరు, చూడలేదు కాబట్టి ఏమీ లేదంటారు, ఏమీ లేదు కాబట్టి తవ్వుకోమంటారు. సిగ్గనిపించదా?

అమ్మాయ్, ఈసారి దరఖాస్తులో అరుపులూ గిరుపులూ రాయకు. "నల్లమల భూగర్భంలో కప్పల నిల్వల అన్వేషణ" అని రాయి. ఎన్ని ఉన్నాయని ఎవరూ అడగరు. నీ రిగ్గు లోపలికి వెళ్లడానికి చెట్లు కొట్టి దారి కూడా వాళ్లే వేసిపెడతారు.