భీముడి గుంజ ఇప్పుడు 42వ ప్లాటులో ఉంది

పోయిన ఆదివారం మా బావమరిది నన్ను ఒక వెంచర్ చూడ్డానికి తీసుకెళ్లాడు. కొనే ఉద్దేశం నాకు లేదు. కారు వాళ్లదే, మధ్యాహ్నం బిర్యానీ వాళ్లదే, పైగా సైటు మా అమ్మమ్మగారి ఊరి పొలిమేరలోనే అన్నాడు. సరే పద అని ఎక్కాను. కందుకూరు చుట్టుపక్కల ఊరు, అంతవరకే చెప్తాను. పేరు అడగొద్దు. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

రామాయపట్నం పోర్టు పనులు మొదలైనప్పటి నుంచి మా వైపు చేలల్లో పైర్లకన్నా ఆర్చిలు ఎక్కువ మొలుస్తున్నాయి. ఈ వెంచర్‌కీ ఒకటుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకలు అంటించారు, నల్లటి రాయిలో బంగారు చుక్కలు ఎండకి మెరుస్తున్నాయి. పక్కనే బోర్డు: పోర్టుకి 20 నిమిషాలు. ఏ బండి మీదో రాయలేదు. లోపల గ్రావెల్ రోడ్లు, కరెంటు స్తంభాలు, సగం ఎండిపోయిన కొబ్బరి మొక్కలు, ప్లాట్లకి పసుపూ తెలుపూ రంగులేసిన హద్దు రాళ్లు. మోకాలెత్తు రాళ్లు, వందల్లో. వాటి మధ్యలో, బడిపిల్లల వరసల్లో డ్రిల్లు మాస్టారు నిలబడ్డట్టు, మా భీముడి గుంజ.

పాతికేళ్ల తర్వాత చూశాను దాన్ని. కారాపమని అరిచాను. మా బావమరిది ప్లాటు నచ్చిందేమో అనుకున్నాడు.

నా లెక్కన 11 అడుగులుంటుంది. చెక్కిన రాయి కాదు, కొండ నుంచి విడదీసి తెచ్చిన బండ. పైన కొంచెం సన్నగా, ఒక పక్కకి వాలి ఉంటుంది. భీముడు తన దూడని కట్టేసుకున్న గుంజ అని మా అమ్మమ్మ చెప్పేది. మన ఊళ్లలో ఎత్తలేనంత పెద్దది ఏది కనపడినా భీముడి ఖాతాలోనే గదా రాస్తారు. అది కంది చేను. తాత నాగలి దాని దగ్గరికి రాగానే ఎడ్లని పక్కకి తిప్పేవాడు. ఆ చోట ఒక మంచమంత నేల ఎప్పుడూ దున్నలేదు. మధ్యాహ్నం దాని నీడలో సద్ది విప్పేవాడు. నీడ జరిగేకొద్దీ తాతా జరిగేవాడు, తువ్వాలు జరిగేది, ముంత జరిగేది. ఎండ బాగా దిగేసరికి ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడి నుంచి నాలుగు బారల దూరంలో ఉండేవాడు.

రాయికి ఒక వైపు, నడుమెత్తున, అద్దంలా నునుపుగా ఉంటుంది. ఎన్ని తరాల గొడ్లు ఒళ్లు రుద్దుకున్నాయో. ఆదివారం చెయ్యి పెట్టి చూశాను, ఆ నునుపు అట్లాగే ఉంది. రుద్దుకోడానికి గొడ్లే లేవు. మా ఒంగోలు గిత్తల జాతి ఇప్పుడు బ్రెజిల్‌లో కోట్లలో ఉంది, అక్కడ దాని పేరు కూడా మా నెల్లూరు పేరే. ఇక్కడ మాత్రం పాల ప్యాకెట్ కొనుక్కుంటున్నాం.

ఇది ఏంటో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇలాంటి వాటిని నిలువురాళ్లు అంటారు. దక్షిణాదిలో ఎక్కువ భాగం ఇనుప యుగానివి, సుమారు 3000 ఏళ్ల కిందటి నుంచి 2000 ఏళ్ల కిందటి దాకా నిలబెట్టినవి. చాలాచోట్ల వీటి దగ్గర్లో రాళ్లు గుండ్రంగా పేర్చిన సమాధులుంటాయి. వాటినే ఊళ్లల్లో రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అంటారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున ఇలాంటివి చాలా ఉన్నాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. అక్కడా ఊరివాళ్లు ఒక రాయికి ఎల్లమ్మ అని మొక్కుతారు.

మా చిన్నప్పుడు భీముడి గుంజకి పడమటగా చిల్లకంపలో అలాంటి గుండ్రాలు నాలుగుండేవి. ఒకదాన్ని నేను ఆరో క్లాసులో ఉండగా ఒక అమావాస్య రాత్రి ఎవరో తవ్వేశారు. పొద్దున చూస్తే నిలువెత్తు గుంత, నిమ్మకాయలు, కుంకుమ, చచ్చిన కోడి. గుప్తనిధుల బాపతు. వాళ్లకి దొరికింది ఏంటంటే ఎముక ముక్కలు, తుప్పు పట్టిన ఇనప్పెళ్ల ఒకటి, కుండ పెంకులు. పెంకులు మేం ఏరుకుని బచ్చాలాడాం. లోపల నలుపు, అంచు నలుపు, బయట కింది సగం ఎరుపు. కుండని బోర్లించి కాలిస్తే లోపలికి గాలి తగలక నల్లబడుతుందట, చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. అంటే నా పదకొండో ఏట నేను ఎవరి అంత్యక్రియల కుండతోనో ఆడుకున్నానన్నమాట. మిగిలిన మూడు గుండ్రాలు ఇప్పుడు లేవు. ఆ గ్రావెల్ రోడ్డు కింద ఉండుంటాయి.

ఊరి పేరు అందుకే చెప్పను. ఆ తవ్విన బాపతు ఇంకా బతికే ఉన్నారు, ఇప్పుడు వాళ్ల దగ్గర డిటెక్టర్లు కూడా ఉన్నాయి.

మార్కెటింగ్ కుర్రాడు మా వెనకాలే వచ్చాడు. మంచి పిల్లాడు, ఎండలో టై కట్టుకుని చెమటలు కారుస్తున్నాడు.

"ఆ రాయి గురించి టెన్షన్ వద్దు సార్. తీయించేస్తాం."

"తీయించడం ఎందుకు?"

"ప్లాటుకి సరిగ్గా ఈశాన్యంలో పడింది సార్. ఈశాన్యంలో బరువుండకూడదు గదా. అదే నైరుతిలో పడుంటే అంకణానికి ఇంత ఎక్కువే చెప్పేవాళ్లం."

దాన్ని నిలబెట్టినవాళ్లకి 42వ ప్లాటు హద్దులు తెలియకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో చూడండి. పది అడుగులు నైరుతికి పాతుంటే కనీసం వాస్తు సిద్ధాంతి అయినా కాపాడేవాడు.

"తీసేసి ఏం చేస్తారు?"

"పడేయం సార్. పార్కులో పెడతాం. చుట్టూ లాన్, కింద టైల్స్, రాత్రి ఫోకస్ లైటు. బ్రోచర్‌లో హెరిటేజ్ స్టోన్ అని కూడా వేస్తున్నాం."

నాకు కోపం వచ్చింది ఇక్కడే. పగలగొట్టేస్తామంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. గౌరవంగా పీకేస్తామనేవాడితో ఎలా దెబ్బలాడాలి? మా బావమరిది కూడా వాడి వైపే. "పార్కులో పెడతానంటున్నాడు గదా బావా, ఇంకా శుభ్రంగా ఉంటుంది. పక్కకి జరిపితే ఏం పోద్ది?" ఇంటికొచ్చి మా బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్తే ఆయనా అదే మాట. జరిపితే ఏం పోద్దిరా.

సోమవారం సెలవు పెట్టి ఒక ఆఫీసుకి వెళ్లాను, ఏ ఆఫీసో వదిలేయండి. అర్జీ చదివి అక్కడి ఉద్యోగి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"దాని మీద ఏమైనా రాసుందా?"

"లేదండీ."

"బొమ్మ?"

"లేదు."

"మరింకేంది? అది రాయే గదా."

దారి పొడవునా ఈ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆయన్ని అనడానికేం లేదు, మన అందరి లెక్కా అదే. అక్షరం ఉంటే చరిత్ర, లేకపోతే బండ. మా కందుకూరు పేరు అద్దంకి శాసనంలో ఉంది. క్రీ.శ. 848 నాటిది, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించింది, తరువోజ పద్యం. కందుకూరుని బెజవాడంతటి దాన్ని చేశాడని అందులో ఉంటుంది, మేం ఇప్పటికీ ఆ ముక్క చెప్పుకుని మీసం తిప్పుతాం. ఆ శాసనం అద్దంకిలో లేదు, మద్రాసు మ్యూజియంలో ఉంది. ఉంటే ఏం? కొమర్రాజు లక్ష్మణరావుగారు చదివి అచ్చు వేయించాక ఆ పద్యం అందరి నోళ్లకీ వచ్చేసింది. ఆ రాయి చెప్పాల్సిందంతా దాని ఒంటి మీదే ఉంది. మద్రాసులో పెట్టినా లండన్‌లో పెట్టినా అదే చెప్తుంది.

భీముడి గుంజ ఒంటి మీద గొడ్లు రుద్దుకున్న నునుపు తప్ప ఏమీ లేదు. అది చెప్పేదంతా అది ఉన్న చోటులో ఉంది. ఏ గుండ్రానికి ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కుకి మొహం పెట్టుకుంది, భూమిలోకి ఎంత దిగింది, అడుగున ఏ రాళ్లు కూరి బిగించారు, ఆ మట్టిలో పెంకులున్నాయా, బూడిద ఉందా. ముడుమాల్‌లో రాళ్ల వరసలకీ సూర్యుడి కదలికకీ సంబంధం ఉందని పరిశోధకులు చెప్పగలుగుతున్నారంటే ఆ వరసలు కదలకుండా ఉన్నాయి కాబట్టే. అరగంట క్రేన్ పనితో ఇదంతా పోతుంది. పార్కులో టైల్స్ మీద నిలబడేది 11 అడుగుల పొడుగున్న రాతి ముక్క. దానికంటే చీమకుర్తి నుంచి నిగనిగలాడే దిమ్మ ఒకటి తెప్పించి పెట్టుకోండి, చూడ్డానికి బాగుంటుంది, దొంగతనం అని ఎవరూ అనరు.

జరిపితే ఏం పోద్ది అంటే, ఇది పోద్ది బాబాయ్.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు మన ఉమ్మడి నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. గొప్ప పని, అందులో అనుమానం లేదు. కానీ అది శాసనాల పుస్తకం. అక్షరం లేని రాయికి అందులో చోటుండదు. చట్టం సంగతీ అంతే. పాత కట్టడాలని కాపాడ్డానికి 1958 నాటి కేంద్ర చట్టం ఉంది, 2010 సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం. రాష్ట్రానికి 1960 నాటి చట్టం వేరే ఉంది. రెండూ ముందు జాబితాలోకి ఎక్కిన వాటికే. మావాడు ఏ జాబితాలోనూ లేడు. వాడి పేరు మీద ఉన్న కాగితమల్లా కంది చేను పాస్‌బుక్, అదీ ఇప్పుడు ప్లాట్లయిపోయింది.

ఊళ్లోవాళ్లు ఇంకో మందు చెప్పారు. మా పిన్ని అయితే ఆ రాత్రే పసుపు కుంకుమ పట్టుకుని బయల్దేరబోయింది. "పోతురాజని చెప్పి పసుపు పూస్తే ఎవడు ముట్టుకుంటాడు రా? బొడ్రాయిని ముట్టుకుంటారా ఎవరైనా?" నిజమే, ముట్టుకోరు. ఈ దేశంలో పసుపుకున్న శక్తి ఏ గెజెట్‌కీ లేదు. కానీ ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. మొదట పసుపు. ఏడాదికి సిమెంటు అరుగు. అరుగు కోసం చుట్టూ తవ్వుతారు, అంటే క్రేన్ చేసే పనే మనం పారతో చేస్తాం. తర్వాత బాత్‌రూమ్ టైల్స్, వెండి కళ్లు, రేకుల షెడ్డు, మైకు. నేను నాస్తికుణ్ణి కాదు. మా తాత ఆ రాయికి ఏనాడూ దణ్ణం పెట్టలేదు, ఏనాడూ నాగలి తగలనివ్వలేదు. నాకు నచ్చే మర్యాద అది. అయినా పిన్నిని ఆపినందుకు తప్పు చేశానేమోనని రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను.

ఇంకో సంగతి చూడండి. 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి విడదీశారు. రెండేళ్లకి అది ప్రకాశం జిల్లా అయింది. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. అడ్రస్ రాసేటప్పుడు మా ఊరివాళ్లు ఇప్పటికీ తడుముకుంటారు. ఈమధ్య భూముల రీసర్వేలో పాతిన హద్దు రాళ్ల మీద ఒక ముఖ్యమంత్రి బొమ్మ చెక్కారు, ప్రభుత్వం మారాక వాటిని చెరిపించాలని నిర్ణయించారు. రాతి మీద రాత అంటే మనకి ఇప్పుడు ఐదేళ్ల వ్యవహారం. ఆ చేలో ఒక్కటంటే ఒక్కటి తన చోట తాను ఉంది, దానికేమో ఈశాన్యం దోషం.

బుధవారం ఆ కుర్రాడికి మళ్లీ ఫోన్ చేశాను. తిట్టడానికి కాదు. లేఔట్‌లో ఖాళీ జాగా ఎలాగూ వదలాలి గదా, రాయిని పార్కు దగ్గరికి మోసుకెళ్లే బదులు పార్కునే రాయి దగ్గర పెట్టండి, లాన్ వద్దు, టైల్స్ వద్దు, లైటు అసలే వద్దు, ఆ మట్టిని అట్లా వదిలేయండి చాలు అన్నాను. పాపం ఓపిగ్గా విన్నాడు. ప్లాన్ అప్రూవల్ అయిపోయిందట. పార్కుకి రాసింది వెనకాల వాగు పక్కన మూడు మూలల ముక్క. ఎవరూ కొనని ముక్కకే మన దగ్గర పార్కు అని పేరు. మధ్యలో, 40 అడుగుల రోడ్డు బిట్టు పార్కుకి ఇస్తే సేటు ఊరుకోడట.

తర్వాత గంటకి వాడే ఫోన్ చేశాడు.

"సార్, మేనేజర్ గారితో మాట్లాడాను. ఆ 42 మీరే తీసుకుంటే రాయి జోలికి రాం సార్. రాసిస్తాం కూడా."

27 అంకణాలు. ఈశాన్యం దోషం కింద ఎంతో కొంత తగ్గిస్తారట. ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత క్రేన్ వస్తుంది. ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో లోన్ ఎంత వస్తుందో, ఈఎమ్ఐ ఎంత పడుతుందో లెక్క వేసి వాట్సాప్‌లో పంపాడు. కింద ఒక ఫొటో కూడా పెట్టాడు, రాయి పక్కన వాడే నిలబడి బొటనవేలు చూపిస్తున్నాడు.

మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.