పాత బోటు ఇంజిన్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: అరగంట పని కాదు

"పాయింట్లు పీకి పారెయ్, ఎలక్ట్రానిక్ కిట్ పెట్టెయ్. అరగంట పని. ఇక జన్మలో డిస్ట్రిబ్యూటర్ మూత తీయక్కర్లేదు. పవర్ పెరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది. బోటు పార్టు అని అంత డబ్బు పొయ్యకు, కారుది చాలు."

అమెరికాలో పాత సెయిల్‌బోటు కొన్నవాళ్ళకి మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్పే మాట ఇది. అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బే అనే అఖాతంలో మా కాటలీనా 30 సెయిల్‌బోటు కొన్నప్పుడు నాకూ చెప్పారు. అందులో ఉన్నది అటామిక్ ఫోర్ ఇంజిన్. విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్ ఊళ్ళో యూనివర్సల్ కంపెనీ 1947 నుంచి 1984 దాకా తయారుచేసిన నాలుగు సిలిండర్ల, 30 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్. దాదాపు 40 వేలు చేశారు, చాలా ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అందుకే ఈ సలహా ఇంతగా తిరుగుతోంది. నేను కిట్ పెట్టుకున్నాను, తీసే ఉద్దేశం లేదు. కానీ ఆ సలహా ఉన్నదున్నట్టు నమ్మితే నీళ్ళ మధ్యలో ఆగిపోతారు. ఒక్కోసారి అంతకన్నా పెద్ద ప్రమాదమే ఉంది.

పాత బుల్లెట్, అంబాసిడర్ నడిపిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకి పాయింట్లంటే చెప్పక్కర్లేదు. మెకానిక్ ఎమ్రీ పేపర్ ముక్క మడిచి వాటి మధ్య పెట్టి రుద్దడం చూసే ఉంటారు. పాయింట్లంటే కరెంటుని కలిపి తెంచే రెండు లోహపు బిళ్ళలు. ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా కరెంటు పంచే డబ్బా డిస్ట్రిబ్యూటర్, దాని షాఫ్ట్ తిరుగుతూ ఆ పాయింట్లని తెరుస్తుంది. తెరుచుకున్న క్షణంలో, బ్యాటరీ వోల్టేజీని వేల వోల్టులకి పెంచే కాయిల్‌లో కరెంటు తెగి ప్లగ్గు దగ్గర స్పార్క్ పడుతుంది. కిట్ వచ్చి మార్చేది ఆ తెరిచే పనిని మాత్రమే. షాఫ్ట్ మీద అయస్కాంతాలున్న రింగు, పక్కన దాన్ని పసిగట్టే చిన్న మాడ్యూల్. మాడ్యూల్ లోపల పనిచేసేది హాల్ ఎఫెక్ట్, అంటే కరెంటు పారే తీగ దగ్గరికి అయస్కాంతం వస్తే అడ్డంగా చిన్న వోల్టేజీ పుట్టడం. దాన్ని ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టింది ఈ బే ఒడ్డునే, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో. మూత మూసేటప్పుడల్లా నాకు అది గుర్తొచ్చి సంతోషంగా ఉంటుంది.

పవర్ మాట ముందు తేల్చేద్దాం. వేగం బాగా పెరిగినప్పుడు పాయింట్లు సరిగ్గా మూసుకోకుండా ఎగురుతాయి, స్పార్క్ తప్పుతుంది. 6000 ఆర్‌పీఎమ్‌లో తిరిగే వీ8 కారు ఇంజిన్‌లో అవి నిమిషానికి 24 వేల సార్లు తెరుచుకోవాలి. మన అటామిక్ ఫోర్ 2000 దగ్గర తిరుగుతుంటే 4 వేల సార్లు చాలు. ఆ వేగంలో గ్యాప్ సరిగా ఉన్న పాయింట్లకి ఏ ఇబ్బందీ లేదు. కిట్ పెట్టగానే ఇంజిన్ హుషారుగా ఉందంటే, అంతకుముందు పాయింట్లు అరిగిపోయి ఉన్నాయని అర్థం. పెట్రోలు సంగతీ అంతే.

ఇక అరగంట పని. స్క్రూలు బిగించడానికి అరగంట నిజమే. కానీ కాయిల్ ఎంత రెసిస్టెన్స్ ఉన్నదో ఎవరూ అడగరు. చాలామంది వాడే కిట్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి కనీసం 3 ఓమ్‌ల కాయిల్ ఉండాలంటుంది. షాపులో చేతికొచ్చిన 1.5 ఓమ్‌ల కాయిల్ పెడితే 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లకి బదులు 8 పారతాయి. కాయిల్ కాలుతుంది, మాడ్యూల్ కాలుతుంది. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే రెండు నిమిషాల పని.

తాళం తిప్పి వదిలేస్తే ఇంకా ఘోరం. ఇంజిన్ తిరగకపోయినా కరెంటు పారుతూనే ఉండొచ్చు. కొన్ని కొత్త కిట్లలో దానంతటదే ఆపుకునే ఏర్పాటు ఉంది, పాతవాటిలో లేదు. బోట్లో ఇది కారులో కన్నా ఎక్కువ జరుగుతుంది. స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) తిప్పాలని డాష్ దగ్గర హెచ్చరిక అంటించి ఉంటుంది కదా. మా బోట్లో ఎవరో పాత యజమాని ఆ బ్లోయర్‌ని ఇగ్నిషన్ తాళం మీదకే కలిపాడు. నేను బుద్ధిగా బ్లోయర్ వేసి, తాడులు సర్దుకుని, పిల్లలకి లైఫ్ జాకెట్లు తొడిగి వచ్చేసరికి పది నిమిషాలు. కాయిల్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. మూడో వారానికి మొదటి మాడ్యూల్ పోయింది. పోయే ముందు చిన్న దగ్గు కూడా లేదు. ఇప్పుడు బ్లోయర్‌కి వేరే స్విచ్ ఉంది.

అదే రోజు మరొకటి బయటపడింది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, కాయిల్ ప్లస్ దగ్గర 10.4. నలభై ఏళ్ళ వైరు కాక్‌పిట్ ప్యానెల్ దాకా వెళ్ళి, పచ్చగా తుప్పుపట్టిన కనెక్టర్ల గుండా తిరిగొస్తోంది. పాయింట్లయితే బలహీనంగానైనా నెట్టుకొస్తాయి. మాడ్యూల్ మాత్రం వోల్టేజీ, ఎర్త్ సరిగా లేకపోతే మొండికేస్తుంది. కొత్త వైరు లాగడానికి నాకు ఒక శనివారం పూర్తిగా పట్టింది. ప్లస్ మైనస్ తారుమారు చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్లగ్గు వైర్లు పాతకాలపు ఉత్త రాగి తీగవైతే వాటినీ మార్చాలి, వాటి నుంచి వచ్చే విద్యుత్ రొదకి మాడ్యూల్ తికమకపడుతుంది. చివరికి టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, మళ్ళీ పెట్టాలి. బోటుని రేవుకి గట్టిగా కట్టి, గేరు వేసి, డిస్ట్రిబ్యూటర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ బాగా తిరుగుతోందో చూసి బిగించాలి. ఇదంతా అరగంటలో ఎవరు చేశారో నాకు చూడాలని ఉంది.

మూత మళ్ళీ తీయక్కర్లేదనే మాటకి కొంత ఆధారం ఉంది. షాఫ్ట్‌కి రాసుకునే పాయింట్ల ఫైబర్ దిమ్మ అరిగి గ్యాప్ తగ్గడం, చలికాలమంతా ఊరికే ఉన్నాక పాయింట్ల మీద పొర పట్టడం, ఈ రెండు బాధలూ పోతాయి. క్రైస్లర్ 1973 నుంచి తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిందంటే ఊరికే పెట్టలేదు. కానీ క్యాప్ (ఆ మూతే), దాని లోపల తిరుగుతూ ప్లగ్గులకి కరెంటు పంచే రోటర్ అవే కదా, వాటి పచ్చటి బూజు అదే. వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపే, కింద ఉన్న అడ్వాన్స్ బరువులు తుప్పుపట్టి బిగుసుకుంటే కిట్‌కి ఏమీ తెలియదు. రోటర్‌ని వేళ్ళతో కొంచెం తిప్పి వదలండి. స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే నూనె చుక్క అడుగుతోంది.

కారుది చాలు అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. మాడ్యూల్ లోపల నిప్పురవ్వ ఉండదు, దానితో గొడవ లేదు. కానీ ఎలక్ట్రానిక్ అని రాసి ఉందని కారు డిస్ట్రిబ్యూటర్‌ని మొత్తంగా తెచ్చి బిగిస్తున్నారు. క్యాప్ లోపల రోటర్ దగ్గర స్పార్క్ ఎప్పుడూ దూకుతూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కారులోలా కిందనుంచి పోవడానికి దారి లేదు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. బోటు డిస్ట్రిబ్యూటర్‌కి గాలి రంధ్రాల దగ్గర జాలీ ఉంటుంది, లోపల మంట పుట్టినా బయటికి రాదు. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనలు పెట్రోలు ఇంజిన్ గదిలోని కరెంటు సామానంతా ఇలా ఉండాలంటాయి. ఆల్టర్నేటర్, స్టార్టర్‌లకీ ఇదే. ఇక్కడ మిగుల్చుకునే డాలర్లు పిల్లలు కూర్చునే సీటు కిందనుంచి వస్తున్నాయి.

పారెయ్ అన్న పాయింట్లు నా దగ్గరే ఉన్నాయి. కండెన్సర్‌తో సహా ప్లేటు మొత్తం గ్యాప్ పెట్టి ఉంచాను, పక్కన గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్, పొట్టి స్క్రూడ్రైవర్, ఒక ఎమ్రీ ముక్క. పాత బిస్కెట్ల డబ్బాలో వేసి ఇంజిన్ మెట్టు వెనక పెట్టాను. మాడ్యూల్ పోయిన రోజు గాలి కూడా లేదు. ఆ ప్లేటు బిగించుకునే ఇంటికొచ్చాం.