మాస్కు దగ్గరే ఆగిపోయే చదువు

రోగిని పరీక్షించే వైద్యుడు ‘నువ్వు ఏం పని చేస్తావు?’ అని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే రాశాడు. మూడు శతాబ్దాలు దాటినా ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, వచ్చిన జవాబుతో ఏం చేయాలో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అలాంటివాళ్లను తయారు చేయాల్సిన పర్యావరణ, వృత్తి ఆరోగ్య శాస్త్రాన్ని చాలాచోట్ల మెడిసిన్‌లో ఒక అధ్యాయంగానో, ఇంజినీరింగ్‌లో ఒక ఆప్షనల్‌గానో సరిపెట్టేస్తున్నారు. దీన్ని పూర్తిస్థాయి డిగ్రీగా నడపాలన్నది మా అభిప్రాయం.

పర్యావరణాన్ని ఒక శాఖకు, పనిచోటును మరో శాఖకు పంచడంలో అర్థం లేదు. సీసం ధూళి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగదు. పాత బ్యాటరీలు విప్పే కార్మికుడి చొక్కాకు అంటుకుని ఇంటికి వస్తుంది, నేల మీద పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. ఆస్‌బెస్టాస్ సంగతి మరీ ఘోరం. ఇంట్లోవాళ్ల పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకూ మెసోథెలియోమా అనే క్యాన్సర్ వచ్చిందని లండన్‌లో జరిగిన అధ్యయనం 1965లోనే బయటపెట్టింది. ఫ్యాక్టరీలో అడుగే పెట్టని ఆ ఆడవాళ్లు ఏ శాఖ లెక్కలోకి వస్తారు?

విషశాస్త్రం, జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కగట్టే ఎపిడెమియాలజీ, స్టాటిస్టిక్స్ లేకుండా ఈ చదువు లేదు. అయితే అసలు పని నేర్చుకునేది కొలతల దగ్గర. కార్మికుడి నడుముకు చిన్న పంపు కట్టి, ట్యూబును భుజం మీదుగా తెచ్చి, దుమ్మును పట్టే ఫిల్టరున్న చిన్న డబ్బీని (క్యాసెట్) కాలరుకు బిగిస్తారు. ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఎందుకంటే తెలియాల్సింది అతను పీల్చే గాలి సంగతి. పంపు లాగే గాలి వేగాన్ని ముందూ వెనకా సరిచూడాలి. ఫిల్టరును ముందొకసారి, తర్వాతొకసారి తూచాలి. ఆ మధ్యలో షిఫ్టంతా అక్కడే ఉండి, ఏ గంటలో ఏ పని జరిగిందో రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే. కానీ గ్రైండర్ దగ్గర దుమ్ము ఎప్పుడు లేస్తుందో ఆ కాగితమే చెబుతుంది. శబ్దం సంగతీ అంతే. 85 డెసిబెల్స్ మెషీన్ పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 170 కాదు, 88 అవుతుంది. ‘మూడేగా’ అనుకునేవాళ్లకు, చెవిని చేరే శబ్దశక్తి రెట్టింపైందని చెప్పగలగాలి.

కొలిచాక ఏం చేయాలి? ముందు ప్రమాదకర పదార్థాన్నే తీసేయడం, కుదరకపోతే దాని బదులు మరొకటి వాడడం, తర్వాత యంత్రానికి మూత, నీళ్లు చిమ్మడం, గాలిని లాగేసే ఏర్పాటు, ఆపైన పని గంటల సర్దుబాటు. మాస్కు వంతు చిట్టచివర. ఆచరణలో వరస తలకిందులు: మాస్కులు పంచి, ఫొటో దిగి, ఫైలు మూసేస్తారు. సిలికా అనే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్‌లో ఎక్స్‌రే మీద మచ్చలు కనబడేసరికి ఊపిరితిత్తులకు జరిగిన నష్టాన్ని ఇక పూడ్చలేం. అప్పుడు హెల్త్ క్యాంపు పెట్టడమంటే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడమే. వంటింటి గట్లకు వాడే కృత్రిమ రాయిని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. సిలికా ఎక్కువగా ఉండే ఆ పలకలు కోసే కుర్రవాళ్లు వరసగా జబ్బుపడ్డాకే ఆ నిర్ణయం వచ్చిందన్నది వేరే చెప్పాలా!

ఉద్యోగాలెక్కడ అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఫ్యాక్టరీలు, గనులు, తనిఖీ శాఖలు, కాలుష్య నియంత్రణ మండళ్లు, బీమా సంస్థలు అన్నింటికీ ఈ మనుషులు కావాలి. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటును అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చాక ఆ అవసరం పెరిగేదే.

విశ్వవిద్యాలయాలు తేల్చుకోవాల్సిన చిక్కు ఒకటుంది. విద్యార్థి యాజమాన్యం అనుమతితోనే లోపలికి వెళ్తాడు, అతని రిపోర్టు యాజమాన్యం బీరువాలోకే పోతుంది. కాలరుకు క్యాసెట్ తగిలించుకుని షిఫ్టంతా తిరిగిన మనిషికి మాత్రం తాను పీల్చిందేమిటో ఎవరూ చెప్పరు. ఇంటర్న్‌షిప్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందే, ఫలితాలను కార్మికుడికి అతని భాషలో చెప్పి తీరాలన్న షరతును అందులో రాయించాలి. ఒప్పుకోని ఫ్యాక్టరీకి విద్యార్థులను పంపకూడదు.