‘లైక్ మానేయండి, ఇన్‌స్టర్ వాడండి’ అన్న సందేశానికి జవాబు

రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న కంప్యూటర్ మిత్రులంతా ఒకే వాట్సాప్ సందేశాన్ని నాకు పంపుతున్నారు. ఒకాయనైతే రెండుసార్లు పంపారు. డేటాబేసు పట్టికల్లో మాటలో మాట వెతకడానికి, నమూనాతో పోల్చి చూసే లైక్ (LIKE) మానేసి, వెతికే ముక్క ఎన్నో అక్షరం దగ్గర ఉందో సంఖ్యగా చెప్పే ఇన్‌స్టర్ (INSTR) వాడాలట. అది అన్ని డేటాబేసుల్లోనూ ఒకేలా పనిచేస్తుందట, ఎప్పుడూ వేగంగానే ఉంటుందట, దొరకకపోతే మైనస్ ఒకటి ఇస్తుందట, కామాలతో రాసిన జాబితాలో నంబరు వెతకడానికి అంతకు మించినది లేదట.

మైనస్ ఒకటి కాదు, సున్నా. జావాస్క్రిప్ట్ అనే వేరే ప్రోగ్రామింగ్ భాష అలవాటును ఎవరో ఇక్కడికి మోసుకొచ్చారు. గడి నల్ అయితే, అంటే అందులో విలువే లేకపోతే, ఆ సున్నా కూడా రాదు, నల్ వస్తుంది. ‘అన్నిటా ఒకేలా’ అన్నదీ నిలవదు: ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేసులో ఉన్నది చార్‌ఇండెక్స్, అందులో వెతికే ముక్క ముందు రాయాలి; ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌ల ఇన్‌స్టర్‌లో అదే ముక్క తరువాత వస్తుంది.

వేగం సంగతికొస్తే, ‘గుణు%’ అని, అంటే ‘గుణు’తో మొదలయ్యేవి కావాలని అడిగినప్పుడు లైక్ ఇండెక్సును (వెతుకులాట త్వరగా సాగడానికి డేటాబేసు పెట్టుకునే సూచికను) వాడుకోగలదు. కాలమ్‌ను ఇన్‌స్టర్‌లో పెట్టి అడిగితే మామూలు ఇండెక్సు అక్కరకు రాదు. లైక్‌లో ‘ఇక్కడ ఏమైనా ఉండొచ్చు’ అనే శాతం గుర్తు ముందుకు వస్తే రెండూ సాధారణంగా పట్టిక మొత్తం చదవాల్సినవే.

అసలు ప్రమాదం కామాల జాబితాలో ఉంది. మా ఊరి తెలుగు సంఘం ఒకటి ఉగాది పిలుపులు పంచేవారి పట్టికలో, ఒక్కొక్కరు చూసే వార్డులను ‘3,12,20’ అంటూ ఒకే గడిలో రాసుకుంది. రెండో వార్డు ఎవరిదని ఇన్‌స్టర్‌తో అడిగితే, 12, 20 చూసే అబ్బాయి పేరే మొదట వచ్చింది, ఎందుకంటే 12లో 2 ఉంది, 20లోనూ ఉంది, వచ్చిన సంఖ్య సున్నా కన్నా ఎక్కువే, కాబట్టి దొరికినట్టే! పత్రికలు అతని చేతికి వెళ్ళాయి, రెండో వార్డులో ఒక్క ఇంటికీ పిలుపు అందలేదు. మా పెద్దమ్మ ఇల్లు ఆ వార్డులోనే. ఆవిడకు ఇన్‌స్టర్ గురించి సందేశకర్తలే స్వయంగా వచ్చి వివరిస్తే నాకు మేలు చేసినవారవుతారు. గడికి రెండు వైపులా కామాలు అతికించి ‘,2,’ కోసం వెతికితే ఈ పొరపాటు తప్పేది. మనిషికీ వార్డుకూ ఒక్కో వరుస చొప్పున వేరే పట్టిక పెడితే వెతుకులాటే తప్పేది.

ఇంతా అన్నాక ఒకటి ఒప్పుకోవాలి. మా సభ్యుల కోడ్‌లలో అండర్‌స్కోర్ ఉంది, లైక్ దాన్ని ‘ఏదో ఒక అక్షరం’ అని చదువుతుంది. రెండేళ్ళుగా నా రెండు క్వెరీలు (డేటాబేసును అడిగే ప్రశ్నలు) ఆ కారణంగానే అక్కర్లేని పేర్లు కూడా తెస్తున్నాయని ఈ సందేశంతో పోట్లాడుతూనే గమనించాను. ఇన్‌స్టర్‌కు అండర్‌స్కోర్ అంటే అండర్‌స్కోరే. ఆ రెండు క్వెరీలనూ నిన్న రాత్రి మార్చాను.