పథ్యం గారికి ఏడో నంబరు మంచం రాయునది

మహారాజశ్రీ పథ్యం గారికి,

బర్న్స్ వార్డు నుంచి నమస్కారాలు. మీరు క్షేమమని తెలుసు. రోజూ మధ్యాహ్నం మా అత్తయ్య క్యారియర్‌లో దిగేది మీరే కదా. మెత్తటి అన్నం, పలచటి చారు, ఉప్పూ కారం లేని బీరకాయ.

పెళ్లి వంటల దగ్గర సాంబారు గుండిగ ఒరిగి నా కుడికాలు కాలింది. కాలు మొత్తం కాలితే ఒంట్లో 18 శాతం కాలినట్టని ఇక్కడి లెక్క. కాలిన చోట కారే రసితో ప్రొటీన్ కూడా పోతుందట. తిండి చాలకపోతే కొత్త చర్మం కోసం ఒళ్లు సొంత కండనే కరిగించుకుంటుందట. కిలో బరువుకి రోజుకి ఒకటిన్నర నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలంది డైటీషియన్. నేను 60 కిలోలు. అంటే 90 నుంచి 120 గ్రాములు. గుడ్డుకి సుమారు 6. మీ చారులో ఎంతో అడిగితే ఆవిడ నవ్వి ఊరుకుంది.

గుడ్డు పేరెత్తగానే అత్తయ్య, "నీచు తగలకూడదు అల్లుడుగారూ, చీము పడుతుంది" అంది. సరే, నీచంటే మీకు పడదనుకున్నాను. కానీ పక్క మంచం పంతులుగారు ఏం పాపం చేశారండీ? ఆయనకి డైటీషియన్ పప్పు, పాలు, పనీర్, పల్లీలు, మీల్‌మేకర్ రాసింది. మీరేమో పప్పుకి చీము పడుతుందన్నారు, పల్లీలకి పైత్యమన్నారు, మిగతావి అరగవన్నారు. పాలు మాత్రం వదిలారు, సగం నీళ్లు పోసి. శాకాహారం గొప్పా మాంసాహారం గొప్పా అని ఊరంతా కొట్టుకుంటుంటే, మీరు మా ఇద్దరినీ ఒకే చారన్నం ముందు కూర్చోబెట్టారు. మీ అంత సమదర్శిని నేను చూడలేదు.

చీము క్రిముల వల్ల పడుతుందని సిస్టరమ్మ మొత్తుకుంటోంది. మరి చేతులు కడక్కుండా వచ్చి, నా మంచం మీదే కూర్చుని, దుప్పటి ఎత్తి చూసి "అయ్యయ్యో" అనే చుట్టాలకి మీరు ఏ పథ్యమూ పెట్టరేం? మా పెదనాన్నకి ఒక్క వారం పెట్టి చూడండి, పుణ్యముంటుంది.

ఇవాళ మా ఆవిడ ఇడ్లీల కింద నాలుగు ఉడికిన గుడ్లు దాచి తెచ్చింది. పంతులుగారికి వేరే డబ్బాలో మీల్‌మేకర్ కూర. ఆయన తలుపు వైపు చూస్తూ తిన్నారు. పెంకులు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. అత్తయ్యతో అనకండి.

ఇట్లు,
ఏడో నంబరు మంచం