ఇంకొక్క పాట, తమ్మీ!

రాత్రి పది కావస్తుంటుంది. బరాత్ ఇంటి మలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. డీజే కుర్రాడు లాప్‌టాప్ మూయబోతుంటే పెళ్లికొడుకు బాబాయి భుజం మీద చెయ్యేసి ‘ఇంకొక్క పాట, తమ్మీ’ అంటాడు. ఆ ఒక్కటీ ఆరు పాటలవుతుంది. అంతలో పెళ్లికొడుకు దోస్తులు వచ్చి, తాము ఇంకా ఆడనే లేదంటారు. అంతా అయ్యాక లెక్క దగ్గర కూర్చుంటే అదనపు గంట మాట ఎవరూ ఎత్తరు. పైగా మాట్లాడుకున్న దాంట్లోనే ఐదొందలు తగ్గించుకొమ్మంటారు. మనోళ్లమే కదా!

ఇదే పెళ్లికి కారు మాట్లాడుకుంటే ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు అని ముందే చెబుతారు. గంట దాటితే అదనంగా కడతాం, ఎవరూ గొడవ పడరు. వంటవాళ్లు ప్లేట్ల లెక్కన తీసుకుంటారు. టెంట్‌హౌస్ కుర్చీలు ఒకరోజు ఆలస్యంగా తిరిగిస్తే ఇంకో రోజు కిరాయి పడుతుంది. ఫంక్షన్ హాలు వాళ్లయితే జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో రాసి మరీ వసూలు చేస్తారు. గంటకు విలువ లేనిది డీజే దగ్గరే. పాట పెట్టడానికి ఏం ఖర్చవుతుంది, బటన్ నొక్కడమే కదా అన్న లెక్క దీని వెనక ఉంది. బాక్సులు మోసిన ఇద్దరు ముగ్గురు హెల్పర్లు, వ్యాన్ డ్రైవర్, జనరేటర్ తాగే డీజిల్, తెల్లారి ఇంకో ఊళ్లో ఒప్పుకున్న పెళ్లి ఆ లెక్కలో కనిపించవు.

ఇది డీజేలతో మొదలైన అలవాటు కాదు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు డప్పు కొట్టడం వెట్టిలో భాగం. దొర ఇంట్లో శుభమైనా అశుభమైనా పిలుపు రాగానే వెళ్లాలి, ఆపమనే దాకా కొట్టాలి. వెట్టిచాకిరీని దేశమంతటా రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. సొంత అప్పుతో బాక్సులు కొనుక్కున్న ఇవాళ్టి డీజేను వెట్టివాడితో పోల్చడం మా ఉద్దేశం కాదు. కానీ మోగించేవాడి పొద్దు మనదేనన్న ఆ పాత ధీమా మాత్రం పెళ్లిపెద్దల గొంతులో ఇంకా వినిపిస్తూనే ఉంది.

అసలు చిక్కు మిగతా పైసల దగ్గర ఉంది. అడ్వాన్స్ కొంత ఇచ్చి, మిగిలింది అయిపోయాక ఇస్తామంటారు. అంటే అదనంగా వాయించమని అడిగేది, డబ్బులు బాకీ ఉన్నదీ ఒక్కరే. కాదంటే బాకీకి ఎసరు, అవునంటే గంట దండగ. ఈ ఇరుకులో పడ్డ కుర్రాడు మొహమాటంగా నవ్వి పాట పెడితే, ఒప్పుకునే పెట్టాడు కదా అంటాం.

ఆలస్యం లెక్క ఇంకోటి. ఏడింటికి రమ్మంటే డీజే ఆరున్నరకే బాక్సులు దించుకుని కూర్చుంటాడు. పెళ్లికొడుకు తయారయ్యేసరికి తొమ్మిది. ఆ రెండు గంటలూ ఎవరి ఖాతాలో? పెళ్లివారి దృష్టిలో మొదటి పాటతోనే గడియారం మొదలవుతుంది. ఇక్కడ మాకు అనుమానం లేదు: రమ్మన్న టైముకు వచ్చి సిద్ధంగా ఉన్నప్పటి నుంచే లెక్క. అతను ఆలస్యంగా వస్తే ఆ మేరకు కోసుకోవచ్చు, అదీ న్యాయమే.

పైగా మనం ఉచితంగా అడిగే గంట చాలాసార్లు చట్టం ఇవ్వని గంట. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం, తలుపులు మూసుకున్న హాళ్లలో తప్ప, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇళ్ల మధ్య రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా అంతకు మించుతుంది! పోలీసు జీపు వస్తే పట్టుకెళ్లేది డీజే బాక్సులను, ఆంప్లిఫయర్లను. ఒక్క పాట అడిగిన బాబాయి ఆ టైముకు భోజనాల దగ్గర ఉంటాడు. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లల సంగతి, గుండెజబ్బు ఉన్న ముసలాయన సంగతి సరేసరి.

చట్టంలో డీజేకూ ఒక ఆసరా ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పనివల్ల ఇంకొకరు లాభం పొందితే, దానికి పరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. కానీ రెండు వేల కోసం సివిల్ కోర్టు మెట్లెక్కేదెవరు? అదీగాక పది దాటాక వాయించిన గంటకు డబ్బు అడగబోతే ముందు తన తప్పే బయటపడుతుంది.

డీజేల తప్పూ చెప్పాలి. పక్కవాడి బేరం చెడగొట్టడానికి ‘మీ ఇష్టం ఉన్నంతసేపు వాయిస్తా అన్నా’ అని ఒప్పుకునేది వాళ్లే. సీజన్లో ఒకే రాత్రి రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని, మొదటి చోట అరగంట ముందే సర్దేసేవాళ్లూ ఉన్నారు. ఫోన్లో నోటిమాటగా బేరం కుదుర్చుకుని, చివర్లో అన్యాయమైపోయామంటే సగం బాధ్యత వాళ్లదే.

అమెరికాలో మనవాళ్ల పెళ్లిళ్లకు డీజేతో కాగితం రాసుకుంటారు. అదనపు గంటకు ఎంతో అందులోనే ఉంటుంది, మారుమాట లేకుండా కట్టేస్తారు. అదే కుటుంబం సెలవులకు ఊరొచ్చి పెళ్లి చేస్తే మాత్రం ‘ఇంకొక్క పాట’ మొదలు.

కాగితం మనకూ కష్టమేం కాదు, వాట్సాప్‌లో నాలుగు ముక్కలు చాలు. ఏ టైముకు రావాలి, ఎప్పుడు ఆపాలి, పదిలోపే పొడిగిస్తే అరగంటకు ఎంత, ఆ పొడిగింపు అడిగే హక్కు ఇంట్లో ఎవరిది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పది మంది బాబాయిల నుంచి డీజేను కాపాడేది అదే. మిగతా డబ్బు మొదటి పాటకు ముందే చేతిలో పెట్టాలి. డబ్బు తీసుకుని సరిగా వాయించకపోతే ఎలా అంటారా? ఫంక్షన్ హాలుకు మాత్రం పెళ్లికి ముందే మొత్తం కడుతున్నాం కదా.